ఆయిల్ కూలర్ బిగించిన ఉస్తాద్

ఉస్తాద్ పోయాడన్న సంగతి నాకు డ్రైవర్ల గ్రూపులో తెలిసింది. పొద్దున ఏడు గంటలకు మా ఓనర్ ఇంటి ముందు పికప్ బండి తుడుస్తున్నాను. జేబులో ఫోన్ వరుసగా మోగుతుంటే తీసి చూశాను. ఆధార్ కార్డు కోసం దిగిన పాత ఫోటో ఒకటి, దాని చుట్టూ పూల బొమ్మలు, కింద ఒక ముక్క: "తాండూరు మెకానిక్ ఉస్తాద్ నిన్న సాయంత్రం వికారాబాద్‌ల పని చేస్కుంటనే గుండె ఆగి పోయిండు." నేను చూసేసరికే కింద నలభై మంది దండాలు పెట్టారు. మంచి మనిషి అని ఒకరు, చేతిలో విద్య ఉన్నోడు అని ఒకరు రాశారు.

నాలుగేళ్ల కింద ఇదే గ్రూపులో ఆయనకు బండ్లు ఇయ్యొద్దని ఒక వాయిస్ మెసేజ్ తిరిగింది. అప్పుడు బొటనవేలు పైకెత్తిన బొమ్మలు పెట్టింది కూడా వీళ్లే. నేను ఆ రోజు ఏమీ పెట్టలేదు. ఈ చావు కబురు కింద మాత్రం అందరితో పాటు నేనూ రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టాను. పెట్టాక దాన్ని తీసేద్దామనుకున్నాను. ఎందుకో మీకు చెప్పాలనే ఇది రాస్తున్నాను.

ఆయన ఊరు మర్పల్లి దిక్కు. తండ్రి పెద్ద రైతుల దగ్గర జీతానికి ఉండేవాడు. ఉస్తాద్ మాత్రం చిన్న వయసులోనే తాండూరు చేరి, నాపరాయి బండలు మోసే లారీల కింద పడుకుని పని నేర్చుకున్నాడు. నేను ఎరిగేటప్పటికి పాలిషింగ్ మిషన్లు ఉన్న వీధి చివర ఆయనకు సొంతంగా ఒక రేకుల షెడ్డు ఉండేది. ఆ వీధిలో ఎటు చూసినా బండ దుమ్ము. చెట్ల ఆకులు కూడా సున్నం వేసినట్టు ఉంటాయి. ఆ షెడ్డు లోపల మాత్రం నేల నున్నగా ఊడ్చి ఉండేది. విప్పిన బోల్టులను పాత స్టీలు పళ్లెంలో, ఏ వరుసలో విప్పాడో ఆ వరుసలోనే పేర్చేవాడు. ఎవరైనా దాన్ని కదిలిస్తే మాత్రం కోపం వచ్చేది.

బండి తీసుకుని ఓనరూ డ్రైవరూ కలిసి వస్తే ఆయన ఓనర్‌ని కుర్చీలో కూర్చోబెట్టి డ్రైవర్‌ని పక్కకు పిలిచేవాడు. "నువ్వు చెప్పు తమ్మి, ఏమైతుంది?" అనేవాడు. "ఓనర్లకు లోపల పాటలే ఇనిపిస్తయి. బండి ఏమంటున్నదో నడిపేటోనికే ఎర్క." ఈ మాట ఓనర్ల చెవిన పడేలాగే అనేవాడు. చాలామందికి నచ్చేది కాదు. కానీ పని అంత బాగా చేసేవాడు మరొకడు లేక మళ్లీ ఆయన దగ్గరికే వచ్చేవాళ్లు.

మధ్యాహ్నం జొన్నరొట్టె మూట విప్పితే అక్కడ ఏ డ్రైవర్ ఉంటే ఆ డ్రైవర్ చేతిలో ఒక రొట్టె పెట్టాల్సిందే. తిన్నానని అబద్ధం చెప్పినా ఊరుకునేవాడు కాదు. సరిహద్దు అవతలి నుంచి బండలకు వచ్చే డ్రైవర్లతో కన్నడంలో మాట్లాడేవాడు. ఆ భాష ఎప్పుడు నేర్చుకున్నావంటే, "రొట్టె ఇచ్చేటప్పుడు" అని నవ్వేవాడు.

నాకు ఉద్యోగం ఇప్పించింది ఆయనే. నేను డ్రైవర్‌గా పనిచేసే కంకర క్రషర్ మూతపడి ఇంట్లో కూర్చున్న రోజులవి. మా ఓనర్‌కు తాండూరులో రెండు పాలిషింగ్ మిషన్లు ఉన్నాయి, అనంతగిరి మీద రిసార్ట్ కట్టడం అప్పుడే మొదలుపెట్టాడు. డ్రైవర్ కావాలని ఆయన ఉస్తాద్‌ని అడిగితే నన్ను తీసుకెళ్లి నిలబెట్టాడు.

"ఈ పోరడు బండిని కొట్టడు పటేలా. అబద్ధం ఆడడు. నాది పూచి," అన్నాడు.

ఆ మాట ఇప్పుడు రాస్తుంటేనే ముఖం చెల్లడం లేదు.

ఆ రిసార్ట్ కోసమే ఓనర్ కొత్త పికప్ కొన్నాడు. నాలుగు తలుపులది, గేర్లు దానంతటదే మార్చుకునే రకం. మోజుపడి కొన్నాడు, తర్వాత దాని వెనక ట్రాలీ తగిలించి తాండూరు నుంచి బండలు మోయించడం మొదలుపెట్టాడు. ధారూర్ దాటేదాకా ఫికర్ లేదు. అనంతగిరి ఘాట్ ఎక్కేటప్పుడే బండి ఏడ్చేది. నెల తిరగకముందే మీటరు మీద ఎర్ర లైటు వెలగడం మొదలైంది. ఆపి, అరగంట చల్లారనిచ్చి, మళ్లీ ఎక్కించేవాణ్ని.

ఉస్తాద్ దగ్గరికి తీసుకెళ్తే ఆయన గేర్‌బాక్స్ ఆయిల్ రెండు చుక్కలు వేళ్ల మధ్య రుద్ది వాసన చూశాడు. ఆ ఆయిల్ ఎర్రగా, దానిమ్మ రసంలా ఉండాలి. అప్పటికే గోధుమ రంగుకు తిరిగింది.

"ఇంజన్‌కు కష్టమైతే అరుస్తది పటేలా. గేర్‌బాక్స్ అరవది. లోపల్లోపలే కాల్తది," అన్నాడు ఓనర్‌తో. "కంపెనోడు ఈ ఆయిల్‌ను రేడియేటర్‌ల తిప్పి సల్లబరుస్తున్నడు. ఉత్త బండికి అది సాలు. ట్రాలీ నిండ బండలేసి ఘాట్ ఎక్కిస్తే ఆ నీళ్లే మసులుతుంటయి, ఆయిల్ ఏం సల్లబడ్తది? ముంగట గాలి తగిలే తావుల ఇంకో కూలర్ పెడ్దం. లేకుంటే బరువన్న తగ్గియ్యి."

ఓనర్ బరువు తగ్గించే మనిషి కాదు. "పెట్టు మరి," అన్నాడు.

కూలర్ అంటే పుస్తకమంత వెడల్పున్న అల్యూమినియం జాలి. దానికోసం ఉస్తాద్ తనే పట్నం వెళ్లి నాలుగు షాపులు తిరిగి తెచ్చాడు. బిగించడానికి రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను పక్కనే ఉన్నాను. బంపర్ విప్పి, ఇంజన్ నడిపిస్తూ రేడియేటర్‌కు వచ్చే పైపులు రెండూ చేత్తో తాకి చూశాడు. ఏది ఎక్కువ వేడి, ఏది తక్కువ అని నా చేత కూడా తాకించాడు. రేడియేటర్‌లోంచి తిరిగి గేర్‌బాక్స్‌కు పోయే పైపును కోసి, దాని మధ్యలో కూలర్ కలపాలని చెప్పాడు.

"కొందరు రేడియేటర్ రెక్కల్లకెళ్లి ప్లాస్టిక్ పట్టీలు గుచ్చి కట్టేస్తరు. గంటల పని ఐపోతది. బండి ఊగినప్పుడల్ల అది ఊగి ఊగి రేడియేటర్‌కే తూటు పడ్తది," అంటూ ఇనుప పట్టీలు కోసి, వంచి, వెల్డింగ్ పెట్టి చట్రం చేశాడు. ప్రతి బోల్టు కింద రబ్బరు ముక్క వేశాడు. బంపర్ ఇనుము పక్క నుంచి కూలర్‌కు ఆయిల్ హోస్ పైపు పోయే చోట దానికి ఇంకో రబ్బరు తొడుగు తొడిగాడు. అన్నీ అయ్యాక బంపర్ బిగించి, కాసేపు ఇంజన్ నడిపి, ఆయిల్ లెవెల్ చూసి, ట్రాలీ నిండా బండలు వేయించి నా పక్కన కూర్చుని ఘాట్ పైదాకా వచ్చాడు. ఎర్ర లైటు వెలగలేదు. పైన బండి ఆపగానే దిగి, ముందు జాలి లోపలికి చేయి పెట్టి పైపు తాకి, పసిపిల్లకు జ్వరం తగ్గిందని తెలిసిన తండ్రిలా నవ్వాడు.

ఘాట్ దిగేటప్పుడు ఒక మాట అన్నాడు. "తమ్మి, ఇప్పుడు నీ బండికి ప్రాణం ముంగట ఉన్నది. ముంగట ఏ చిన్నది తాకినా నాకు చూపియ్యి. ఏమనను. పటేల్‌కు గూడ చెప్పను. చూపియ్యి, గంతే." షెడ్డు దగ్గర దిగి వెళ్తూ మళ్లీ వెనక్కి తిరిగి అదే మాట చెప్పాడు.

మూడు నెలలు బండి పువ్వులా నడిచింది.

ఆ తర్వాత ఒక మధ్యాహ్నం రిసార్ట్ దగ్గర ట్రాలీ తిప్పుతుంటే వాలులో బండి ముందుకు జారింది. నేను ఫోన్‌లో మాట్లాడుతున్నాను. బ్రేకు తొక్కేలోగా బంపర్ వెళ్లి బండల దొంతరకు గుద్దింది. పెద్ద దెబ్బ కాదు. బంపర్ ఒక పక్క నాలుగు వేళ్ల మందం లోపలికి పోయింది. నాకు ముందున్న డ్రైవర్‌ని ఓనర్ తలుపు మీద గీత పడినందుకే తీసేశాడు. మా బిడ్డను అప్పుడే వికారాబాద్‌లో ఇంగ్లిష్ బడిలో వేశాం. నాకు వేరే ఏమీ తోచలేదు. బంపర్‌కు మోకు కట్టి, అక్కడి చెట్టుకు తగిలించి, బండిని వెనక్కి లాగి బంపర్‌ని బయటికి తెచ్చాను. తడిగుడ్డతో తుడిస్తే బాగానే కనిపించింది. బయటికి బాగానే కనిపించింది, అంతే. లోపలి ఇనుము హోస్ పైపుకు ఆనుకునే ఉండిపోయింది.

ఉస్తాద్ షెడ్డు ముందు నుంచి ఆ వారంలోనే పదిసార్లు వెళ్లి ఉంటాను. ఒకసారి చేయి ఊపాడు. హారన్ కొట్టి పోయాను.

పదిహేను రోజులకు ఘాట్ సగంలో బండి ఒక్కసారిగా బరువు వదిలేసింది. ఇంజన్ గుర్రుమంటోంది, చక్రం కదలదు. దిగి చూస్తే వెనక రోడ్డు మీద మలుపుదాకా ఎర్రటి చార. మాడిన వాసన. ట్రాలీ చక్రాల కింద రాళ్లు వేసి ఓనర్‌కు ఫోన్ చేశాను. పైపు పగిలిందని చెప్పాను. ఎందుకు పగిలిందో చెప్పలేదు.

ఓనర్ ఆ బండిని లాగించుకుంటూ నేరుగా ఉస్తాద్ షెడ్డుకే తెచ్చాడు. అక్కడ ఏడెనిమిది మంది డ్రైవర్లు ఉన్నారు. ఉస్తాద్ బండి కిందికి వెళ్లాడు. చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక బంపర్ లోపలి అంచు మీద బొటనవేలు పెట్టి రుద్దాడు, ఆ వేలు చూసుకున్నాడు, తర్వాత నన్ను చూశాడు. కోపంగా చూడలేదు. ప్రశ్న అడిగి, జవాబు కోసం ఆగినట్టు చూశాడు.

నేను తల దించుకుని నా చెప్పులు చూసుకున్నాను.

"నీ పని గిట్లుంటదా?" అని ఓనర్ అరిచాడు. "మీ అయ్య మా కాక ఇంట్ల నాగలి పట్టిండు. నువ్వు గూడ గదే పట్టుకోవాల్సింది. నీకెందుకురా గిసొంటి బండ్లు?"

ఉస్తాద్ పెదవులు కదిలాయి. ఇంకోసారి నా వైపు చూశాడు. చివరికి, "పైపు నేనే ఏసిన పటేలా. నా పనిల లోపముంటే నాదే," అన్నాడు.

'ఉంటే' అన్నాడు. ఆ ఒక్క మాట నా కోసం వదిలిన సందు అని అక్కడ నాకొక్కడికే తెలుసు. అయినా నేను నోరు తెరవలేదు.

మిగతాదంతా తొందరగా జరిగిపోయింది. ఓనర్ బామ్మర్ది గ్రూపులో వాయిస్ మెసేజ్ పెట్టాడు: "తాండూరు ఉస్తాద్‌కు బండ్లు ఇయ్యకుండ్రి, కొత్త బండి గేర్‌బాక్స్ కాలవెట్టిండు." పట్నంలో సర్వీస్ సెంటర్ వాళ్లు బయటి పని వల్లే ఇలా అయిందని కాగితం మీద రాసిచ్చారు. ముందు మా ఓనర్ బండ్లన్నీ ఆగిపోయాయి, తర్వాత ఆయన చుట్టాలవి, ఆ తర్వాత బండల మిషన్ల వాళ్లందరివీ. షెడ్డు ఉన్న జాగా ఓనర్ దగ్గరి చుట్టానిది. ఖాళీ చేయమన్నారు. రేకులు దించుతున్న రోజు నేను ఆ వీధి తప్పించి చుట్టూ తిరిగి పోయాను.

ఇంకో సంగతి చెప్పాలి. కొత్త గేర్‌బాక్స్ వేశాక, ఇంత బరువు మోస్తే ఇదీ నిలవదని ఆ సర్వీస్ సెంటర్ వాళ్లే బయట ఒక కూలర్ పెట్టి ఇచ్చారు. బంపర్ వెనక, అదే చోట. ఉస్తాద్ చేసిన ఇనుప చట్రాన్నే వాడుకున్నారు. దానికి వంక పెట్టడానికి ఏమీ దొరకలేదు మరి. ఓనర్ అది చూసి, "పద్ధతిగ చేస్తే గిట్లుంటది," అన్నాడు. నేను పక్కనే నిలబడి ఉన్నాను.

ఉస్తాద్ యాభై రెండేళ్ల వయసులో వికారాబాద్‌లో ఒక టైర్ల షాపులో పనికి కుదిరాడు. రోజూ తాండూరు నుంచి పాత మోటార్ సైకిల్ మీద వెళ్లి వచ్చేవాడు. గాలి కొట్టడం, ఇంజన్ ఆయిల్ మార్చడం, చక్రాలు విప్పి ఇవ్వడం. ఆ షాపులో ఆయన్ని ఉస్తాద్ అనేవాళ్లు లేరు. "పెద్దాయనా, గాలి చూడు" అనేవాళ్లు. తెలియక ఒకసారి నేను గాలికి ఆగింది ఆ షాపు దగ్గరే. పైపు పట్టుకుని వచ్చింది ఆయన. నేను బండి దిగి, "ఉస్తాద్, ఆ రోజు..." అన్నాను.

"ముంగట టైరు లోపలి దిక్కు అరుగుతున్నది. అలైన్‌మెంట్ చేపియ్యి," అని పక్క చక్రం దగ్గరికి వెళ్లిపోయాడు.

పోయినేడు మళ్లీ వెళ్లాను. ఈసారి బండి లేకుండా, చెప్పాలనే వెళ్లాను. ఆయన షాపు వెనక గోడ నీడలో రొట్టె తింటున్నాడు. కాలు మీద కాలు వేసుకుని కూర్చునే మనిషి, మోకాళ్లు దగ్గరికి ముడుచుకుని కూర్చున్నాడు. నేను నిలబడే చెప్పాను.

"ఉస్తాద్, బండల దొంతరకు గుద్దింది నేనే. బంపర్ లాగి దాచిపెట్టిన."

"ఎర్కే," అన్నాడు రొట్టె నములుతూ. "ఆ ఇనుము గీరుకపోయిన కాడ బండ పొడి తెల్లగ అంటుకొని ఉండె. ఘాట్ల బండలేడివి?"

"మరి అప్పుడే ఎందుకు చెప్పలే?"

"నిన్ను తెచ్చి నిలవెట్టింది నేను. నేనే ఎట్ల చెప్తరా? నీ నోట్లకెళ్లి వస్తదని చూసిన. రాలే."

నేను ఏడ్చాను. ఆయన ఓదార్చలేదు. నీళ్లు తాగి, మూట కట్టుకుని, లేచే ముందు అన్నాడు: "నాకు చెప్పి ఏం చేస్తవు? నాకు తెల్వనిదా? తెల్వనోళ్లకు చెప్పు."

"చెప్త ఉస్తాద్."

"మంచిది," అన్నాడు. నమ్మినట్టు అనలేదు.

నేను చెప్పలేదు. బిడ్డ పదో తరగతి పరీక్షలు అయ్యాక చెబుదామనుకున్నాను. అవి అయ్యాయి. ఓనర్ మంచి మూడ్‌లో ఉన్నప్పుడు చెబుదామనుకున్నాను. అలా ఏడాది తిరిగింది. ఇంతలో ఆ పొద్దున గ్రూపులో పూల ఫోటో వచ్చింది.

ఆ మధ్యాహ్నం చర్చి సమాధుల తోటలో నాకంటే ముందే చాలామంది డ్రైవర్లు వచ్చి ఉన్నారు. పాస్టర్ ప్రార్థన చేశాడు. మట్టి వేసేటప్పుడు నా వంతు వస్తే పిడికిలి తెరుచుకోలేదు, వెనకున్నాయన జరగమన్నాడు. బయటికి వచ్చాక గేటు దగ్గర నిలబడిన వాళ్లతో నేను జరిగినదంతా చెప్పాను. ఎవరూ నన్ను తిట్టలేదు. ఒకాయన, "అయ్యో, గట్లనా," అన్నాడు. ఇంకొకాయన టైమ్ చూసుకున్నాడు. లోడింగ్ ఉందని ఒక్కొక్కరే బండ్లు తీశారు. నేను మోసినంత కాలం అది కొండంత ఉండింది. వాళ్ల చేతికి ఇస్తే గుప్పెడు కూడా లేదు.

మర్నాడు ఓనర్‌తో చెప్పాను. ఆయన టిఫిన్ చేస్తున్నాడు.

"సార్, గేర్‌బాక్స్ కాలింది ఉస్తాద్ తప్పు కాదు. నేను గుద్ది దాచిన."

"ఏ ఉస్తాద్?" అన్నాడు.

నేను గుర్తు చేశాను. ఆయన చట్నీ గిన్నె దగ్గరికి లాక్కున్నాడు. "ఆ మెకానికా? పోయిండా? అరే." ఇడ్లీ తుంచుకుని, "నాలుగేండ్ల కిందటి ముచ్చట ఇప్పుడెందుకురా? పో, బండి తియ్యి. శంకర్‌పల్లి పోయేదున్నది," అన్నాడు.

నాలుగేళ్లు నేను భయపడింది దీనికి. ఉద్యోగం పోతుందనుకున్నాను. పోలేదు. నేనే మానేశానని మీకు చెప్పుకోగలిగితే బాగుండేది. బండి తీశాను. శంకర్‌పల్లి పోయాను.

మూడో రోజు ప్రార్థనకు ఉస్తాద్ ఇంటికి వెళ్లాను. చాప మీద కూర్చున్న ఆయన భార్య ముందు మోకాళ్ల మీద వంగి నోరు తెరవబోయాను.

"నాకు చెప్పకు తమ్మి," అంది ఆమె. "అదే దినం ఇంటికొచ్చి చెప్పిండు. పోరడు భయపడ్డడు, రేపో ఎల్లుండో వస్తడు అన్నడు. షెడ్డు పీకే దినం దాక అదే అన్నడు. తర్వాత అనుడు బంద్ చేసిండు."

ఆమే మళ్లీ అంది, చాలా మామూలుగా, కూరగాయలు తెమ్మన్నట్టు: "ఆయన మోటార్ సైకిల్ ఆ షాపుల్నే ఉన్నది. తెచ్చేటోళ్లు లేరు. నువ్వు తెచ్చియ్యి."

వికారాబాద్ బస్సెక్కి వెళ్లాను. షాపు పిల్లవాళ్లు తాళంచెవి చేతిలో పెట్టి పనిలో పడ్డారు. బండి గోడ పక్కన స్టాండు వేసి ఉంది. ఒక్క కిక్కుకే స్టార్ట్ అయింది. ఇరవై ఏళ్ల బండి, ఎక్కడా ఒక బోల్టు చప్పుడు లేదు. అనంతగిరి దాటి ఘాట్ దిగడం మొదలుపెట్టాక, వెనక లారీ హారన్ కొడుతుంటే అద్దంలోకి చూశాను. ఉస్తాద్ నాకంటే జానెడు ఎత్తు. అద్దం ఆయన కళ్లకు సర్ది ఉంది. అందులో నాకు రోడ్డు కనిపించలేదు, లారీ కనిపించలేదు. నా భుజం అంచు, దాని పైన అడవి చెట్ల కొసలు, కొంచెం ఆకాశం. చేయి పెట్టి తిప్పితే సరిపోయేది. తిప్పలేదు. లారీకి దారి ఇచ్చి, రోడ్డు అంచున మెల్లగా, తాండూరు దాకా అలాగే వచ్చాను.